రోడ్డు పలిగితే ముందుగాల ఎం-బుక్ అడగాలె

కొత్త సీసీ రోడ్డు ఆరు నెల్లకే కంకర తేలితే రచ్చబండ కాడ మాటలకు కరువుండదు. కాంట్రాక్టర్ తిన్నడు, ఇంజినీరు తిన్నడు, లీడరు తిన్నడు. తిన్నరో లేదో, తింటే ఎంత తిన్నరో చెప్పే పుస్తకం ఒకటుంటది. దాన్ని ఎం-బుక్ అంటరు, కొలతల పుస్తకం. పనైనంక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి అందుల రాస్తడు, ఆ లెక్క మీదనే బిల్లు అయితది. నల్లగొండ దిక్కైనా పాలమూరు దిక్కైనా పద్ధతి ఇదే. ఆ పేజీల నకలు చేతికి రానంతవరకు మన కోపానికి ఆఫీసుల విలువ లేదు.

ఆఫీసుకు పోకముందు రోడ్డు మీదికి పోవాలె. మొదటి ఫోటో శిలాఫలకానిది. లీడర్ల పేర్లు పెద్దగుంటయ్, మనకు కావాల్సినవి ఉంటే అడుగున సన్నగుంటయ్: ఏ నిధి, అంచనా విలువెంత, ఏ తేదీ. తేదీ ఎందుకంటే, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాక తెలంగాణ ఊర్లల్ల సర్పంచులు లేరు, స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచింది. ఆ నడుమ పడ్డ రోడ్డుకు ఇప్పటి సర్పంచును తిట్టి ఫాయిదా లేదు.

తర్వాత టేపు. పొడవు ఎవరింటి కాణ్నుంచి ఎవరింటి దాకనో రాసుకోవాలె. వెడల్పు మూడు చోట్ల కొలవాలె. అసలు తేడా మందం కాడ వస్తది, కొలిచేందుకు కష్టమైంది కూడా అదే. అంచు కొలిచి మోసపోవద్దు. షట్టరింగ్ పలక ఆనించిన అంచు నిండుగనే కనబడతది. నడుమ కింది మట్టి ఉబ్బెత్తుగ ఉంటే అక్కడ కాంక్రీటు పలచబడతది. నల్లా పైపు కోసం రోడ్డు కోసిన చోటు దొరికితే అంతకంటే మంచి జాగ లేదు. కోసిన అంచుకు స్కేలు నిలబెట్టి, అంకెలు కనబడేటట్టు దగ్గర్నుంచి ఒక ఫోటో, పక్కనున్న ఇల్లు పడేటట్టు దూరం నుంచి ఇంకొకటి తియ్యాలె. దగ్గరి ఫోటో ఒక్కటే చూపిస్తే ‘ఇది ఆ రోడ్డేనని ఏం గ్యారంటీ’ అంటరు.

పలిగిన రోడ్డంతా తిన్న రోడ్డు కాదు. ఈ తేడా తెల్వకపోతే ఏఈ ఒక్క మాటతోటి నోరు మూయిస్తడు. కొన్ని మీటర్లకొకటి అడ్డంగ వచ్చే పగులు చాలామటుకు జాయింట్లు సరిగ్గ కొయ్యనందుకు. సాలెగూడు తీరు సన్న నెర్రెలు ఎండల పోసి నీళ్లు పెట్టనందుకు. పొడుగ్గ పలిగి ఒక పక్క కుంగితే కింద మట్టి గట్టిగ దిమ్మిస కొట్టలేదనో, నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకపోయిందనో అనుకోవాలె. చెప్పుతోటి రాకితే తెల్లటి పొడి రాలిందంటే మాలు నీళ్లనీళ్లగ కలిపిన్రు, లేకుంటే సిమెంటు తక్కువేసిన్రు. మొదటి మూడు ఎక్కువగ నిర్లక్ష్యం. నాలుగోదాని మీద అనుమానపడాలె.

ఇగ దరఖాస్తు. సోమవారం కలెక్టరేట్ల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటది. అక్కడ ఇచ్చిన కాయితం ‘తగు చర్య నిమిత్తం’ అని శాఖకు పోతది, శాఖ నుంచి డివిజన్‌కు, ఆఖరికి ఏ ఇంజినీరు మీద ఫిర్యాదు చేసినమో ఆయన టేబుల్ మీదికే వస్తది. అయినా ఇయ్యాలె, ఎందుకంటే మనకు కావాల్సింది ఆ దరఖాస్తు నంబరు. రశీదు లేకుండ ఇంటికి రావొద్దు. ఒక కాయితంల ఒకటే సమస్య రాయాలె. రోడ్డు, మోరి, పింఛన్ మూడు కలిపి రాస్తే మూడింట్ల ఒకదాని శాఖకే పోయి మిగిలినయ్ అక్కడే పండుకుంటయ్.

నంబరు వచ్చినంక సమాచార హక్కు దరఖాస్తు. తెల్లకాయితం మీద తెలుగులనే రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నరో చెప్పాల్సిన పని లేదు. ఇట్ల రాస్తే సరిపోతది:

‘సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం. ఫలానా గ్రామంలో ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి ఈ కింది వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు.
1. మంజూరు ఉత్తర్వు, అంచనా.
2. కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం.
3. ఎం-బుక్‌లో ఈ పని ఉన్న పేజీలు, చెక్ మెజర్‌మెంట్ సంతకాలతో సహా.
4. క్యూబ్ టెస్టు ఫలితాలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక.
5. చెల్లించిన బిల్లులు, కాంట్రాక్టరు నుంచి పట్టుకుని ఇంకా తిరిగివ్వని డిపాజిట్ వివరాలు.
6. ఫలానా తేదీ, ఫలానా నంబరు ప్రజావాణి దరఖాస్తుపై మీ ఆఫీసులో నడిచిన ఫైలు, నోట్ ఫైలుతో సహా.’

చెక్ మెజర్‌మెంట్ అంటే ఏఈ కొలతను పై ఇంజినీరు మళ్లీ సరిచూసుడు. క్యూబ్ టెస్టు అంటే అదే కాంక్రీటును దిమ్మెగ పోసి ఎంత బలముందో పరీక్ష చేసుడు. నోట్ ఫైలు అంటే దరఖాస్తు మీద ఆఫీసర్లు రాసుకున్న కాయితాలు.

‘రోడ్డు ఎందుకు పలిగింది’, ‘బాధ్యులెవరు’ అని రాయొద్దు. చట్టం ప్రకారం రికార్డుల ఉన్నదాన్నే ఇస్తరు. కారణాలు చెప్పుడు, అభిప్రాయం రాసుడు వాళ్ల పని కాదు. చాలా దరఖాస్తులు ఈ ఒక్క ‘ఎందుకు’ కాడనే చచ్చిపోతయ్. కాంట్రాక్టర్ ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా కూడా అడగొద్దు. వ్యక్తిగత సమాచారం ఇయ్యనవసరం లేదనే సెక్షన్ 8(1)(జె)ను ఇంకా బిగించిన సవరణ 2025 నవంబర్‌ల అమల్లోకి వచ్చింది. ఆ ఒక్క ప్రశ్నను సాకుగ పెట్టుకుని మొత్తం తిప్పి పంపే వీలు మనమే ఇచ్చినట్టయితది.

ఫీజు గ్రామ పంచాయతీల అయితే లేదు, మండల ఆఫీసుల 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లు నకలు జతచేస్తే అది కూడా ఉండదు. కోర్టు ఫీ స్టాంపు అతికించొచ్చు, నగదు కట్టి రశీదు తీసుకోవచ్చు. జిరాక్సుకు పేజీకి 2 రూపాయలు. ‘ఇన్ని పేజీలు, ఇంత కట్టు’ అని లెటరొస్తే ఆలస్యం చెయ్యొద్దు, ఆ లెటరు పంపిన్నాటి నుంచి మనం కట్టిందాక పట్టిన రోజులు గడువుల లెక్కకు రావు. చేతికిస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలె. పోస్టుల పంపేటోళ్లకు ఒక మాట: 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టుల కలిపిన్రు, కౌంటర్ల అదే అడగాలె. ముట్టినట్టు రుజువు మాత్రం వదలొద్దు.

సీసీ రోడ్లు ఎక్కువగ పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లవి, కాబట్టి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఆఫీసుల ఉండే ప్రజా సమాచార అధికారికి రాయాలె. ‘ఇది మాది కాదు’ అని కాయితం తిప్పి పంపితే సెక్షన్ 6(3) చూపించాలె. సంబంధం ఉన్న ఆఫీసుకు 5 రోజుల్ల వాళ్లే పంపాలె, మనల్ని తిప్పుడు కాదు.

జవాబుకు 30 రోజులు. రాకపోయినా, సగమే వచ్చినా తర్వాతి 30 రోజుల్ల అదే ఆఫీసుల పై అధికారికి మొదటి అప్పీలు, ఫీజు లేదు. గడువు దాటినంక ఇచ్చే సమాచారానికి జిరాక్సు పైసలు కూడా అడగొద్దు, సెక్షన్ 7(6) అదే చెప్తది. అప్పీలుల కోపం రాయొద్దు. ఏ ప్రశ్నకు ఏం రాలేదో నంబరు వారీగ రాస్తే చాలు. ఆయన 30 రోజుల్ల, మహా అంటే 45 రోజుల్ల తేల్చాలె. అప్పుడు కూడా కాకుంటే 90 రోజుల్ల హైదరాబాద్‌ల రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ తల్చుకుంటే అధికారి జేబు నుంచి రోజుకు 250 చొప్పున 25,000 దాక జుర్మానా వెయ్యొచ్చు. గానీ తొందరగ అయితదని ఆశ పెట్టుకోవద్దు. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాక ఆ కమిషన్‌ల కమిషనర్లే లేరు. సర్కారు మారినా కుర్చీలు ఏడాదికి పైగ ఖాళీగనే ఉన్నయ్. అందుకే మొదటి అప్పీలు గట్టిగ రాయాలె. పై అధికారి కాడికి ఫైలు పోతదనంగనే కింద నకళ్లు బయటికొచ్చుడు మామూలే.

నకళ్లు వచ్చినంక ఎం-బుక్ పేజీ తీసి మన టేపు లెక్క పక్కన పెట్టాలె. అందుల వరుసగ సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం అని గడులుంటయ్. 100 మీటర్లు, 3 మీటర్లు, 0.15 మీటర్లు అని రాసి ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు అయినట్టు. కోసిన చోట 10 సెంటీమీటర్లే ఉంటే, రోడ్డు పొడుగూతా అట్లనే ఉన్న పక్షంల, పడ్డది 30. మూడొంతుల్ల ఒక వంతు రోడ్డు కాయితం మీదనే ఉన్నది. క్యూబ్ టెస్టు కాయితంల రెండు తేదీలు చూడాలె: పోసిన తేదీ, పరీక్ష చేసిన తేదీ. రెండింటి నడుమ 28 రోజులుండాలె. రోడ్డు పోసిన తేదీ కంటే ముందే క్యూబ్ పోసినట్టు ఉంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తేడా దొరికినంక మళ్లీ రచ్చబండకు పోవద్దు. ఒప్పందంల డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎన్నాళ్లో చూడాలె. ఆ గడువు లోపల పలిగితే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతోటి బాగుచెయ్యాలె. గడువు అయిపోయిందంటే పట్టుకున్న డిపాజిట్ వాపస్ ఇస్తరు, అటెనుక ఆయన ఫోన్ ఎత్తడు. కాబట్టి ఈఈకి, క్వాలిటీ కంట్రోల్‌కు ఒకే రోజు రెండు కాయితాలు పోవాలె: ఫలానా మూడు చోట్ల గ్రామస్తుల ముందట కోర్ కటింగ్ చేసి (మిషన్‌తోటి రోడ్డుల నుంచి గుండ్రటి ముక్క కోసి తీసి) మందం తేల్చాలె, తేలేదాక డిపాజిట్ ఇయ్యొద్దు. ఎం-బుక్ నకలు, స్కేలు పెట్టిన ఫోటోలు రెండింటికి జతచెయ్యాలె. కోర్ తీసే చోటు వాళ్లను ఎంచుకోనియ్యొద్దు, అంచు కాడనే తీస్తరు.