ఆటోపైలట్ ఉన్నా ఆటగాళ్లు ఖాళీగా కూర్చోకుండా

సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఆటగాళ్లు పాత్రల్లా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) నడిపేవాళ్లకు, అంటే గేమ్ మాస్టర్లకు, ఒక చిట్కా. అంతరిక్ష నౌకను కంప్యూటరే నడిపేస్తే ఆటగాళ్లకు పనేముంటుందని చాలామంది గేమ్ మాస్టర్లు కథలో ప్రతిసారీ ఆ కంప్యూటర్‌ను పాడుచేస్తారు. రెండోసారికే విసుగొస్తుంది. కంప్యూటర్‌ను బాగానే పనిచేయనివ్వండి, ఎటు వెళ్లాలో తేల్చే పని మాత్రం మనుషులకు వదలండి.

1969లో అపోలో 11 చంద్రుడి మీద దిగేటప్పుడు జరిగింది ఇదే. కంప్యూటర్ తన లెక్క ప్రకారమే వెళ్తోంది, కాకపోతే దిగబోయే చోట అంతా బండరాళ్లు. అది కిటికీలోంచి చూసింది ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన నియంత్రణ తీసుకున్నాక కూడా కంప్యూటర్ తప్పుకోలేదు, ఆయన చేతి కదలికల్ని థ్రస్టర్లకు (నౌకను అటూ ఇటూ తిప్పే చిన్న రాకెట్లకు) అందించింది అదే. పక్కన తోటి వ్యోమగామి ఆల్డ్రిన్ ఎత్తు, వేగం చదువుతున్నాడు. ఇంధనం ఇంకెన్ని సెకన్లకు సరిపోతుందో భూమ్మీద హ్యూస్టన్‌లోని కంట్రోల్ సెంటర్ చెబుతోంది. ఒక్క సీన్‌లో ఎంతమందికి పని దొరికిందో చూడండి!

రూల్స్ సంగతికొస్తే, మామూలు ప్రయాణానికి పాచికలే వద్దు. ఎవరైనా నౌకను చేతుల్లోకి తీసుకుంటే అప్పుడు వేయించండి, కంప్యూటర్ సాయానికి కొంత బోనస్ కలపండి. పాచిక కలిసిరాకపోతే మాత్రం గట్టి దెబ్బే తగలాలి. 1997లో ప్రోగ్రెస్ సరుకు నౌకను రిమోట్‌గా చేత్తో నడిపి రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌కు కలపబోతే, అది ఆ కేంద్రంలో ఒక భాగమైన స్పెక్టర్ మాడ్యూల్‌ను గుద్దింది. గాలి లీకైంది, అడ్డొచ్చిన కేబుళ్లు తీసేసి ఆ మాడ్యూల్‌ను మూసేయాల్సొచ్చింది, దాంతో కేంద్రానికి కరెంటు బాగా తగ్గిపోయింది. అలాంటి దెబ్బ ఒక్కటి తగిలితే తర్వాతి సెషన్లకు కథ వెతుక్కోనక్కర్లేదు.