పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడుతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

మా అవ్వకు అప్పుడు 78 ఏళ్లు. పాకాల దగ్గర పల్లెలో ఉండేది. ఒకరోజు పొద్దున్నే లేచి, ఎప్పుడో పోయిన మా తాత పొలం నుంచి వస్తాడని సంగటి కెలకడానికి కూర్చుంది. ఒళ్లు వేడిగా లేదు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే "వయసు కదమ్మా" అని నిద్రమాత్ర రాసిచ్చారు. మేమూ నమ్మాం. మూడో రోజు ఫిట్స్ వచ్చాక తిరుపతికి తెస్తే వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు అని తేలింది. మధ్యలో పోయిన ఆ రెండు రోజులు ఇంకో ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నాను.

సమస్య: నిన్న బాగున్నారు, ఈరోజు వేరే మనిషిలా ఉన్నారు

ఉన్న చోటు తెలియదు. పగలేదో రాత్రేదో తెలియదు. మాట మధ్యలో ఆగిపోతుంది. కొందరు గొడవ చేస్తారు, లేచి వెళ్లిపోతామంటారు. ఇంకొందరు చప్పుడు లేకుండా మగతగా పడుకునే ఉంటారు, అన్నం వద్దంటారు. ఈ రెండో రకాన్నే ఇంట్లోవాళ్లు ఎక్కువగా గమనించరు. పోనీలే, నిద్రపోతున్నారు అనుకుంటారు.

మామూలు మతిమరుపు నెలలు, ఏళ్లు పట్టి వస్తుంది. గంటల్లోనో రెండు రోజుల్లోనో వచ్చిన తేడాను డాక్టర్లు డెలీరియం అంటారు. దాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు.

కారణం

మెదడుకు సొంత కాపలా ఉంది. రక్తంలో తిరిగే క్రిములు లోపలికి రాకుండా రక్తనాళాల గోడలు గట్టిగా అడ్డుపడతాయి. దాన్ని దాటి వైరస్ వస్తే కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తాయి. మైక్రోగ్లియా అనే కాపలా కణాలు పనిలోకి దిగుతాయి. తర్వాత రక్తంలోంచి టీ కణాలు వచ్చి వైరస్ సోకిన కణాలను ఏరేస్తాయి.

వయసు మీద పడేకొద్దీ ఇందులో ప్రతి మెట్టూ బలహీనపడుతుంది. గోడకు సందులు పడతాయి. ఇంటర్‌ఫెరాన్ ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి రొమ్ము ఎముక వెనక ఉంటుంది. అది ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి, కొత్త వైరస్‌ను ఎదుర్కొనే కొత్త కణాలు తక్కువ. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది మైక్రోగ్లియా సంగతి. ముసలి మెదడులో అవి ముందే సగం రెచ్చి ఉంటాయి. చెత్త ఎత్తే పనిలో నెమ్మది, కానీ ఒకసారి రేగితే తొందరగా చల్లారవు. ఆ మంటలో మంచి నరాల కణాలూ దెబ్బతింటాయి. అందుకే వైరస్ మెదడులోకి పోకపోయినా, ఊపిరితిత్తుల్లో ఫ్లూ ఉన్నా చాలు, పెద్దవాళ్లు తికమకపడతారు.

వయసు ఎంత తేడా తెస్తుందో దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ లెక్క చూస్తే తెలుస్తుంది. అది సోకిన 150 మందిలో సుమారు ఒకరికి మెదడు, నరాల జబ్బు తీవ్రమవుతుంది. 60 దాటినవాళ్లలో 50 మందికి ఒకరు.

ఏం చేయాలి

షుగర్ ఉన్నవాళ్లయితే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటారు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, జ్వరంతో తికమక ఉన్నా ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. నరాల డాక్టర్లు ఉన్న చోటికే వెళ్లండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపువాళ్లకు వేలూరు దగ్గర. డాక్టర్ చెప్పకుండా నిద్రమాత్ర వేయకండి, ఉన్న కాస్త తెలివీ మసకబారుతుంది. వాడుతున్న మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు కూడా కారణం కావచ్చు.

డాక్టర్‌తో మొదటి మాటగా "నిన్న సాయంత్రం దాకా బాగా మాట్లాడింది సార్" అని చెప్పండి. టైమ్‌తో సహా చెప్పండి. ఆ ఒక్క మాట మా నోట మొదటి రోజే రాలేదు.

స్కాన్ తర్వాత వెన్నులోంచి నీరు తీయాలంటే చాలామంది భయపడి సంతకం పెట్టరు. కాళ్లు పడిపోతాయని మా చిన్నాయన కూడా అడ్డం పడ్డాడు. సూది పెట్టేది వెన్నుపాము అయిపోయిన చోటుకు కింద. మెదడులో ఏ వైరస్ ఉందో ఆ నీరే చెబుతుంది. హెర్పిస్ వైరస్ మెదడువాపుకు ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. అనుమానం రాగానే, రిపోర్టు రాకముందే నరంలోకి ఎక్కించడం మొదలుపెడతారు. ఆ మందు పడకపోతే పదిమందిలో ఏడుగురు దక్కరు. మా అవ్వ దక్కింది. కానీ మనవళ్ల పేర్లు ఇప్పటికీ కలగలిపేస్తుంది.

సమస్య: జ్వరమే లేదు కదా?

పెద్దవాళ్ల ఒళ్లు మామూలుగానే చల్లగా ఉంటుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దగా కాలదు. చేత్తో తాకి చూస్తే తెలియదు. బాగున్న రోజుల్లోనే నాలుగైదు సార్లు థర్మామీటర్‌తో చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. దానికంటే 2 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినా, నోట్లో 100 దాటినా అది జ్వరమే.

సమస్య: ఇంటికొచ్చాక కూడా మందకొడిగా ఉన్నారు

వైరస్ పోయినా మైక్రోగ్లియా చల్లారడానికి వారాలు, నెలలు పట్టవచ్చు. కళ్లజోడు, చెవి మెషిన్ పెట్టండి. పగలు వెలుతురులో కూర్చోబెట్టండి, రాత్రి నిద్ర చెడనివ్వకండి. రోజూ ఒకే మనిషి దగ్గర కూర్చుని మాట్లాడితే మేలు.

సమస్య: నడుముకో నుదుటికో ఒక పక్కనే పొక్కులు, మంట

ఇది సర్పి (షింగిల్స్). చిన్నప్పుడు వచ్చిన అమ్మవారి (చికెన్‌పాక్స్) వైరస్సే నరాల్లో దాక్కుని, కాపలా తగ్గాక లేస్తుంది. ఎర్రమన్ను పూసి కూర్చోకుండా 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలి. కంటి దగ్గరైతే అదే రోజు వెళ్లాలి. 50 దాటినవాళ్లకు రెండు డోసుల టీకా ఉంది. ఖర్చు ఎక్కువే, అయినా డాక్టర్‌ను అడగండి. సర్పికి ఇంతకుముందు వాడిన మరో రకం టీకా మీద వేల్స్‌లో చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. వేయించుకున్నవాళ్లలో ఏడేళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) సుమారు 20 శాతం తక్కువగా కనిపించింది. ఫ్లూ టీకా అయితే ఏటా వేయించాలి.

దోమల సంగతి

జపనీస్ మెదడువాపును మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, పక్కనున్న వేలూరులోనే. వరిమడిలో పుట్టే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, కొంగల నుంచి దాన్ని మోస్తుంది, చీకటి పడ్డాక కుడుతుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది, మిద్దె మీది డ్రమ్ముల్లో పుడుతుంది. అందుకే పెద్దవాళ్లు పగలు కునుకు తీసే మంచానికీ దోమతెర కట్టండి. డ్రమ్ములు వారానికోసారి ఒంపి, గోడలు రుద్ది ఆరబెట్టండి.