దుబాయ్ విమానం ఎక్కే ముందు: 2021 డిసెంబరు ప్రయాణికులకు జాగ్రత్తలు

శంషాబాద్ నుంచి 2021 డిసెంబరులో, కోవిడ్ నిబంధనలు అమల్లో ఉన్న వేళ, దుబాయ్ వెళ్లేవారు టికెట్ కంటే ముందు సరిచూసుకోవలసినవి ఇవి.

ఆర్‌టీపీసీఆర్ (కోవిడ్ నిర్ధారణ) పరీక్షకు ఉన్న 48 గంటల గడువును నివేదిక చేతికి వచ్చిన వేళ నుంచి కాక, నమూనా ఇచ్చిన నిమిషం నుంచే లెక్కించుకోండి. గడువు దాటితే చెక్-ఇన్ కౌంటరు వద్దే ఆపేస్తారు, టికెట్ సొమ్ము తిరిగి వస్తుందన్న భరోసా ఉండదు. నివేదికపై నమూనా తీసుకున్న సమయం, క్యూఆర్ కోడ్ ఉన్నాయో లేదో ల్యాబ్‌లోనే చూసుకోవడం మేలు.

విమానం బయలుదేరే ముందు 6 గంటలలోపు విమానాశ్రయంలోనే ర్యాపిడ్ పీసీఆర్ (త్వరగా ఫలితం ఇచ్చే కోవిడ్ పరీక్ష) చేయించుకోవాలి కనుక, ఆ వరుసకు సరిపడా సమయం చేతిలో ఉంచుకోండి.

దుబాయ్ నివాస వీసా గలవారు జీడీఆర్ఎఫ్ఏ (దుబాయ్‌లో విదేశీయుల నివాస వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) అనుమతి పత్రాన్ని అచ్చు తీసి పెట్టుకోవాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌తో తీసుకున్న టీకా ధ్రువపత్రంలో పొడి అక్షరం మాత్రమే ఉండడం మన కుటుంబాల్లో తరచూ కనిపించే తేడా. వెంకట సత్యనారాయణ ఒకచోట వి.ఎస్. నారాయణ అయితే, ఇద్దరూ ఒకరేనని కౌంటరులో నిరూపించుకునే వ్యవధి ఉండదు. టీకా నమోదు వెబ్‌సైటు కోవిన్‌లో పాస్‌పోర్టు సంఖ్య జతచేసి, పేరును ఇప్పుడే సరిదిద్దించుకోండి.

తిరుగు ప్రయాణానికి ముందు 72 గంటలలోపు చేయించుకున్న పరీక్ష నివేదికను, భారత్‌కు వచ్చే ప్రయాణికుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైటు ఎయిర్ సువిధలో ముందే నమోదు చేయాలి.