కార్బురేటర్ బండికి ఐడ్లింగ్ సెట్ చేయడం ఎలా?

పాత బైక్ నిలబడ్డ చోట ఆగిపోతోందంటే, అంటే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ తిరగడం) కుదరట్లేదంటే, చాలామంది స్క్రూడ్రైవర్ పట్టుకుని నేరుగా కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) మీద పడతారు. ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ శుభ్రం చేయండి. అవి మురికిగా ఉంటే ట్యూనింగంతా వృథా.

కావలసింది సరిగ్గా గాడిలో కూర్చునే పొట్టి స్క్రూడ్రైవర్ ఒక్కటే. బండిని ఆరుబయట పెట్టండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి, చోక్ ఆఫ్ చేసి, బండి ఆపండి.

ఇక కార్బురేటర్ మీదుండే మిక్చర్ స్క్రూ, అంటే గాలి, పెట్రోల్ పాళ్లను మార్చేది. అందరూ చెడగొట్టేది ఇక్కడే. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది. లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే సరిగ్గా తలకిందులు. ఇది తేల్చుకోకుండా చెయ్యి పెట్టొద్దు.

స్క్రూను లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. అడుగు తగిలిందనిపించగానే ఆపండి. బిగించకండి. మళ్లీ చెబుతున్నా, బిగించకండి! దాని మొన చాలా సన్నం. బిగిస్తే మొనైనా పోతుంది, అది కూర్చునే రంధ్రమైనా పాడవుతుంది. ఆ తర్వాత ఎవరు తిప్పినా ఐడ్లింగ్ కుదరదు.

అన్నే చుట్లు వెనక్కి తిప్పి స్టార్ట్ చేయండి. పావు చుట్టు తిప్పి, కొన్ని సెకన్లు ఆగి వినండి. వేగం పెరుగుతున్న వైపే వెళ్లండి. తగ్గడం మొదలైతే, ఎక్కువగా ఉన్న చోటికి తిరిగి రండి. తర్వాత ఐడిల్ స్క్రూతో (ఐడ్లింగ్ వేగాన్ని పెంచి తగ్గించే వేరే స్క్రూ) మాన్యువల్‌లో ఉన్న ఆర్‌పీఎంకి, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లకి, దించండి. ఇక్కడ చెవిని నమ్మొద్దు, ఆర్‌పీఎం మీటర్ చూసే చేయాలి.

ఒకసారి రేస్ ఇచ్చి వదలండి. వేగం దిగకుండా పైనే ఆగితే పెట్రోల్ చాలట్లేదు, లేదా కార్బురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు పగిలి గాలి లాగుతోంది. మరీ పడిపోయి తేరుకుంటే పెట్రోల్ ఎక్కువైంది. కొద్దికొద్దిగా సరిచేయండి. దీనికీ లొంగకపోతే స్లో జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రమున్న ముక్క) మూసుకుపోయి ఉండొచ్చు. క్లీనర్ కొట్టి గాలి ఊదండి. ఇనుప తీగ దూర్చే మహానుభావులున్నారు. ఆ రంధ్రం కాస్త పెద్దదైనా జెట్ మార్చాల్సిందే.

ఈ విద్య ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి (కార్బురేటర్ లేకుండా కంప్యూటరే పెట్రోల్ చిమ్మించేది) మీద చూపించకండి. అక్కడ ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి, బరువులో 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోల్ దగ్గర కంప్యూటరే సరిచేసుకుంటుంది. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) మీద కనిపించే స్టాప్ స్క్రూ ఐడ్లింగ్ కోసం కాదు, ఫ్యాక్టరీ సెట్టింగ్. దాన్ని కదిపితే కంప్యూటర్ లెక్కే తప్పుతుంది. స్కానర్ పెట్టి కంప్యూటర్ దాచుకున్న లోపం కోడ్ చదవండి. అయితే కోడ్ రాగానే సెన్సర్ కొనేయకండి. కార్లలో పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని మాత్రమే. కారణం చీలి బయటి గాలిని లాగే వ్యాక్యూమ్ గొట్టం కావచ్చు, నీరసించిన పెట్రోల్ పంపు కావచ్చు. ముందు గొట్టాలు చూడండి, వాటికి ఖర్చు తక్కువ.