మూడు కార్డులతో పంక్ – 3వ పాఠం: వాయిస్తూ పాడటం

పోయిన పాఠంలో గిటార్ మీద ఏ5 పవర్ కార్డ్ (రెండు స్వరాలు కలిపి మోగించే పట్టు) పట్టుకున్నాం. అన్నిటికంటే లావు తీగ మీద 5వ ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీద లోహపు గీతల మధ్య గడి) చూపుడు వేలు, దాని పక్క తీగ మీద 7వ ఫ్రెట్‌లో ఉంగరపు వేలు. వేళ్ల చివర్లు ఇంకా మండుతుంటే కంగారు పడకండి, కొన్ని వారాల్లో గట్టిపడతాయి. ఇప్పుడు అదే పట్టుని మొత్తంగా ఒక తీగ కిందికి దించండి, డీ5 వచ్చింది. అక్కణ్నుంచి రెండు ఫ్రెట్లు జరిపి చూపుడు వేలు 7లో, ఉంగరపు వేలు 9లో పెడితే ఈ5. ఒక పాటకి ఇది చాలు.

ఇంత తక్కువతో ఎందుకు మొదలుపెట్టానంటే, తూర్పు జర్మనీలో పంక్ (గట్టిగా, వేగంగా వాయించే రాక్ సంగీతం) వాయించినవాళ్లూ ఇలాగే మొదలుపెట్టారు. 1990 దాకా విడి కమ్యూనిస్టు దేశంగా ఉన్న అక్కడ జనం ముందు వాయించాలంటే బ్యాండ్ ఒక కమిటీ ముందు వాయించి చూపించి గ్రేడు, అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది, దాన్ని ఐన్‌ష్టూఫుంగ్ అనేవాళ్లు. వాయిద్యం మీద పట్టుతో పాటు పాటలో ఏం రాశారన్నదీ చూసేవాళ్లు. 1980ల మొదట్లో చాలామంది పంక్ కుర్రాళ్లు ఆ కమిటీ గడపే తొక్కలేదు, వచ్చిన రెండు మూడు కార్డులతోనే పాటలు కట్టేసి చర్చిల్లో వాయించారు, ఎందుకంటే ప్రభుత్వం చెయ్యి పూర్తిగా ఆడని చోటు అదొక్కటే.

సరే, గిటార్ తీసుకోండి. మెట్రోనోమ్ (తాళానికి క్లిక్ కొట్టే పరికరం) నిమిషానికి 80 మీద పెట్టి ఒక్కో క్లిక్‌కి రెండు దెబ్బలు, అన్నీ పై నుంచి కిందికే. మోచేతితో కాదు, మణికట్టుతో కొట్టాలి. ఏ5 ఎనిమిది దెబ్బలు, డీ5 ఎనిమిది, ఈ5 ఎనిమిది, మళ్లీ ఏ5.

అది ఆగకుండా నడుస్తుంటే వారాల పేర్లు పైకి చెప్పండి. ఆదివారం, సోమవారం, అలా. కార్డ్ మారే చోట నోరు ఆగిపోతుంది, లేదా చెయ్యి తడబడుతుంది, దాదాపు అందరికీ అంతే. వేగం పెంచకండి, ఆ మారే చోటునే పది నిమిషాలు తిప్పి తిప్పి వాయించండి. ఈ పాఠం మొత్తంలో నాకు ముఖ్యమైంది ఇదే, ఎందుకంటే చెయ్యి తన పని తాను చేసుకుపోతేనే మాట స్పష్టంగా బయటికొస్తుంది.

పంక్ అంటే గోల, మాటలు వినపడక్కర్లేదు అనేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. తూర్పు బెర్లిన్‌లో నామెన్‌లోస్ అనే బ్యాండ్ ఉండేది, పేరులేనిది అని అర్థం. 1983 ఏప్రిల్ 30న హాలె ఊళ్లో క్రిస్టుస్‌కిర్షె చర్చిలో పంక్ బ్యాండ్లు కలిసి వాయించినప్పుడు వాళ్లూ ఉన్నారు. ఆగస్టులో అరెస్టు చేశారు, ఏడాదిన్నర దాకా శిక్షలు పడ్డాయి. వాళ్ల మీద కేసు నడిచింది పాటల్లో ఉన్న మాటల మీదే! ఆ వయసులో జైలు అంటే ఏంటో తెలిసీ మాట మింగకుండా పాడారు, అది తల్చుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఈ వారం పని: మీరు నిజంగా నమ్మే విషయం మీద నాలుగు లైన్లు రాయండి, ఒక్కో లైను ఎనిమిది దెబ్బల్లో చెప్పగలిగేంత చిన్నగా. పాడేటప్పుడు అరచేతి అంచుని బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగల మీద తేలిగ్గా ఆనించండి, శబ్దం అణిగి మాటకి చోటొస్తుంది. పక్క గదిలో ఎవరినైనా నిలబెట్టి ఏం వినపడిందో అడగండి. మాట అర్థం కాలేదంటే ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) తగ్గించి మళ్లీ పాడండి. అది కుదిరాకే 4వ పాఠానికి రండి, అందులో ఇదే పాటని రికార్డ్ చేద్దాం.