కోలారు బంగారు గనుల నేలపై నాలుగు రోజుల సైకిల్ యాత్ర: క్లబ్బులకు ఒక మార్గదర్శిని

కోలారులో బయలుదేరి ఆవని, ముళబాగిలు, బేతమంగళం మీదుగా గనుల పట్టణమైన కె.జి.ఎఫ్. (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) చేరి, అక్కడొక రోజు నిలిచి, చివరిగా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటి కుప్పంలో ముగిసే దారి మొత్తం సుమారు 150 కిలోమీటర్లు ఉంటుంది. అలవాటున్న రైడరు ఈ దూరాన్ని ఒక్క రోజులోనే పూర్తి చేయగలడు. అయినా సరదా కోసం కలిసి తిరిగే సైకిల్ క్లబ్బు దీనికి నాలుగు రోజులు కేటాయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ నేలలో చూడవలసినవన్నీ ఆగి చూడవలసినవి, వినవలసినవన్నీ ఎవరి పక్కనో కూర్చుని వినవలసినవి కావడమే అందుకు కారణం. మేము మొదటిసారి రోజుకు 80 కిలోమీటర్ల లెక్కన వెళ్ళినప్పుడు, గనుల పట్టణానికి చేరేసరికి సగం మంది మంచాలెక్కి నిద్రపోయారు.

ముందుగా కాలం నిర్ణయించుకోవాలి. కోలారు పీఠభూమికి అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వాన వస్తుంది. మార్చి దాటితే ఎండ ముదురుతుంది. అందువల్ల డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు అనువైన కాలం. ఆ రోజుల్లో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది కాబట్టి ప్రతి సైకిలుకూ వెనుక ఎర్రదీపం తప్పనిసరి అని ముందే చెప్పి, దీపం లేనివారిని మంచు విడేదాకా బయలుదేరనీయకూడదు.

బృందంలో పన్నెండు నుంచి పదహారు మంది ఉంటే చాలు. అంతకు మించితే పల్లెటూరి హోటల్లో ఇడ్లీ అందరికీ అందేసరికే గంట గడుస్తుంది. ముందు నడిచే ఒకరికీ అందరికన్నా వెనుక వచ్చే ఒకరికీ మాత్రమే బాధ్యత అప్పగించి, ప్రతి మలుపు దగ్గరా ముందువారు ఆగి వెనుకవారి కోసం చూడాలన్న నియమం పెట్టుకోవాలి. వెనుక వచ్చే మనిషికి పంక్చరు వేయడం, తెగిన చైను కలపడం వచ్చి ఉండాలి. వేగం కన్నా ఓర్పు ఎక్కువ ఉన్నవారిని అందుకు ఎంచుకోవడం మేలు. యాత్ర వేగం ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారి వేగమే. సంచులు మోయడానికి ఒక చిన్న సామాను బండి మాట్లాడుకుని, దాని ఖర్చు, భోజనాలు, బస కలిపి ముందే ఉమ్మడి నిధిగా వసూలు చేస్తే దారిలో చిల్లర లెక్కల తగాదా ఉండదు.

సైకిలు విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. ఈ ప్రాంతమంతా సర్కారు తుమ్మ. చెరువు గట్లమీద, మట్టిదారుల్లో రాలిన దాని ముళ్ళు సన్నటి రేసు టైర్లను వదలవు. 32 మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు టైర్లు, మనిషికి రెండు అదనపు ట్యూబులు, బృందానికి రెండు గాలి పంపులు ఉండాలి. ముల్లు గుచ్చుకున్నప్పుడు ట్యూబు మార్చేముందు టైరు లోపలివైపు వేళ్ళతో తడిమి, విరిగి మిగిలిన మొనను తీసివేయాలి. అలా చేయనివారే పది నిమిషాల్లో మళ్ళీ రోడ్డు పక్కన కూర్చుంటారు.

మొదటి రోజు కోలారులో చోళుల కాలపు కోలారమ్మ గుడి, విజయనగర శిల్పులు మలచిన సోమేశ్వరాలయం చూసి ఆవని వైపు కదలాలి. జాతీయ రహదారి నేరుగా ముళబాగిలుకు తీసుకుపోతుంది గాని, దానిమీద లారీల ఒత్తిడి ఎక్కువ. ఎంత చుట్టు అయినా పల్లెల దారులే పట్టాలి. ఆవనిలో నొళంబ రాజుల నాటి రామలింగేశ్వరాలయాల సముదాయం ఉంది. లవకుశులు ఇక్కడి కొండమీదే పుట్టారని స్థానికుల నమ్మకం. రాత్రి బస ముళబాగిల్లో. ఆ ఊరి దోసెకు ఉన్న పేరు తెలిసిందే కాబట్టి మరునాటి ఉదయం ఆలస్యంగా బయలుదేరడానికి సిద్ధపడండి.

రెండో రోజు ఉదయం కురుడుమలెకు వెళ్ళి ఏకశిలా వినాయకుణ్ణి చూసి వెనక్కి వచ్చి, దక్షిణంగా బేతమంగళం మీదుగా కె.జి.ఎఫ్. చేరాలి. పాలారు మీది బేతమంగళం చెరువు గనుల పట్టణానికి తాగునీరు ఇచ్చిన చెరువు. గట్టుమీద అరగంట కూర్చోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ దారిలో లేదు. ఈ పల్లెల్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. దారి అడగడానికి భాష అడ్డురాదు.

మూడో రోజు గురించి వివరంగా చెప్పాలి. ఆనాటి తిరుగుడు 25 కిలోమీటర్లకు మించదు, కానీ యాత్ర ప్రాణమంతా అక్కడే ఉంది. బయలుదేరేముందు అందరినీ కూర్చోబెట్టి ఈ గనుల కథ పావుగంటలో చెప్పడం నిర్వాహకుల పని. 1802లో సర్వే పనిమీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఇక్కడి పల్లెవాసులు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం చూసి రాసిపెట్టాడు. ఆ రాత చదివిన ఐరిష్ సైనికుడు మైకేల్ లావెల్, న్యూజీలాండ్ నుంచి వచ్చినవాడు, 1871లో బెంగుళూరు నుంచి ఎద్దుబండిలో ఈ నేలంతా తిరిగి, 1873లో మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి కోరాడు.  1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగిన తరువాత, పలుగురాయి పొరల వెంట తవ్వుకుంటూ పోయిన గనులు చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. ఈలోగా తీసిన బంగారం సుమారు 800 టన్నులు.

రాబర్ట్‌సన్‌పేటలో మొదలుపెట్టి కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్స్, మారికుప్పం అనే క్రమంలో వెళితే దారి సులువు. షాఫ్టుల, అంటే గనిలోకి దిగే నిలువు బావుల, నోటిమీద నిలిచిన ఇనుప గోపురాలు రోడ్డుమీద నుంచే కనిపిస్తాయి. అక్కడి నుంచే చూడాలి. గనుల భూమి నేటికీ కేంద్ర ప్రభుత్వ సంస్థ అధీనంలో ఉంది, అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. పైగా నేల అడుగున సొరంగాలున్నందున పైపొర కుంగే ప్రమాదం ఉంది, షాఫ్టుల్లో నీరు నిండి ఉంది. సినిమాలు తెచ్చిన మోజుతో కంచె దాటి ఫోటోలు దిగే సరదా ఉన్నవారిని ఈ యాత్రకు తీసుకురాకపోవడమే మంచిది.

ఊరిని ఆనుకుని కొండల్లా కనిపించే బూడిదరంగు దిబ్బలు నిజానికి కొండలు కావు. పిండిచేసిన రాయి నుంచి సైనైడుతో బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి అది; మొత్తం మూడు కోట్ల టన్నులకు పైమాటే. ఎక్కడానికి అనువుగా కనిపించినా వాటిమీద సైకిలు తొక్కకూడదు. గాలి లేచినప్పుడు ఆ సన్నని దుమ్ము ఊరంతా పరుచుకుంటుంది కాబట్టి ఆ వైపు దారిని ఉదయమే ముగించాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మనకు ఒక పూట ఇబ్బంది. ఆ దిబ్బల కింది ఇళ్ళవారికి అది ఏడాది పొడవునా ఉండేదే.

ఛాంపియన్ రీఫ్స్ దగ్గర రెండు సంగతులు చెప్పితీరాలి. కావేరిమీది శివనసముద్రంలో పుట్టిన విద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్ల తీగల వెంట 1902లో ఈ గనులకే మొదట వచ్చింది. బెంగుళూరు వీధులకు దీపాలు ఆ తరువాత 1905లో వెలిగాయి. 1965లో టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి ఇదే గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున వాతావరణం నుంచి వచ్చే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల జాడ పట్టారు.

మధ్యాహ్నం తరువాత సైకిళ్ళు ఒకచోట ఉంచి కార్మికుల లైన్ల (వరుస ఇళ్ళ) వైపు నడిచి వెళ్ళడం మంచిది. దొరల బంగళాలు చూసి ఈ పట్టణాన్ని చిన్న ఇంగ్లండ్ అన్నారు గాని, ఆ లైన్లలోని ఇరుకు గదులు చూశాక ఆ మాట నోట రాదు. ఇక్కడ ఎక్కువగా తమిళం వినిపిస్తుంది. చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. గనిలో పనిచేసిన పెద్దలు టీ అంగడి దగ్గర దొరుకుతారు. పదహారు మంది ఒకేసారి చుట్టుముట్టకుండా ముగ్గురు నలుగురుగా వెళ్ళి, పెద్దాయనా అని పలకరించి, ఫోన్లు జేబులో ఉంచుకుని అడిగితే చెబుతారు. గని మూతబడ్డాక ఈ ఊరి జనం తెల్లవారుజాము రైళ్ళలో బెంగుళూరు పనులకు వెళ్ళి రాత్రికి తిరిగి వస్తున్నారు. సాయంత్రం మారికుప్పం స్టేషన్లో కాసేపు నిలబడితే ఆ సంగతి కళ్ళారా చూడవచ్చు.

నాలుగో రోజు ఆండర్సన్‌పేట దాటి బిసానత్తం, గుడుపల్లె మీదుగా కుప్పం వరకు సుమారు 40 కిలోమీటర్లు. కామసముద్రం, కుప్పం చుట్టుపక్కల అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి. కాబట్టి ఆ రోజు మాత్రం పెందలాడే బయలుదేరే అలవాటు మానుకుని, ఎండ బాగా వచ్చాక, ఉదయం ఎనిమిదిన్నర తరువాత కదలాలి. ముందురోజే అటవీ శాఖవారిని గాని దారిలోని పల్లెవారిని గాని ఏనుగుల జాడ అడగాలి. ఎవరూ ఒంటరిగా వెనకపడకూడదు. ఏనుగు కనిపిస్తే గంట మోగించకుండా, వెలుతురు వేయకుండా, వచ్చిన దారినే దూరంగా వెనక్కి తగ్గాలి. బిసానత్తం, చిగరగుంట గనులు కోలారు బంగారు పొర దక్షిణపు కొస. పెద్ద గనులతోపాటే అవీ మూతబడ్డాయి. అక్కడా కంచె నియమం అదే.

కుప్పంలో రైళ్ళు ఎక్కువసేపు ఆగవు. పదహారు సైకిళ్ళు రైలులో ఎక్కించాలనుకోవడం వృథా శ్రమ. ముందు చక్రాలు విప్పి, సైకిళ్ళ మధ్య పాత దుప్పట్లు పెట్టి, సామాను బండిలో తాళ్ళతో బిగించి పంపించి, మనుషులు మాత్రం మధ్యాహ్నపు రైలెక్కాలి. బెంగుళూరు వైపు పోయే ఆ రైలు బిసానత్తం, కామసముద్రం స్టేషన్ల మీదుగానే వెళుతుంది. మారికుప్పం పట్టాలు బంగారుపేటలో వచ్చి కలుస్తాయి.