నలికిరిని గుర్తుపట్టడం – 4వ పాఠం: కాళ్లు లేనివి

పోయిన పాఠంలో చెప్పిన పని చేసే ఉంటారు. ఇంటి చుట్టూ తిరిగే నలికిరిని (కొన్ని ఊళ్లలో నలికండ్ల పాము అంటారు) దగ్గరగా ఫోటో తీసి, వీపు మీది ఒక్కో పొలుసుకు ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టడం. మూడే ఉంటే యూట్రోపిస్ కారినాటా అనే నలికిరి జాతి అయ్యే అవకాశం ఎక్కువ. ఐదు నుంచి తొమ్మిది దాకా ఉంటే యూట్రోపిస్ మాక్యులేరియా అనే ఇంకో జాతి వైపు చూడాలి. ఐదు గీతల కారినాటాలూ దొరుకుతాయి కాబట్టి గీతలు చూసి వెంటనే పేరు పెట్టేయకండి.

ఈసారి కష్టమైనదాన్ని పట్టుకుందాం. దాని పేరు బార్కుడియా మెలనోస్టిక్టా. విశాఖపట్నం పేరుతోనే శాస్త్రవేత్తలు పిలిచే కాళ్లు లేని నలికిరి ఇది. మట్టిలో ఉంటుంది, పైకి రావడం అరుదు. వచ్చినా చూసినవాళ్లకు అది పామే, చేతికి కర్ర అందడమే ఆలస్యం. అందుకే దీన్ని గుర్తుపట్టడం ఎక్కువమందికి రావాలని నా కోరిక.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. కాళ్లు లేకపోవడం గుర్తింపు లక్షణం కాదు. మట్టిలో దూరి బతికే జీవులు చాలావాటికి కాళ్లు పోయాయి, ఒక్కోదానికి ఒక్కో దారిలో. పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులుంటే పాము, లేకపోతే కాదు అని కూడా చాలామంది చెబుతారు. మామూలు పాముల విషయంలో అది నిజమే. కానీ మనం ఈ నలికిరి అని పొరబడేది గుడ్డిపామును చూసి. గుడ్డిపాముకు వీపు మీదా పొట్ట కిందా పొలుసులు ఒకే తీరుగా ఉంటాయి. మనకు అవసరమైన చోటే ఆ సూత్రం పనికిరాదు.

పోయిన వర్షాకాలం మా పెరట్లో కరివేప మొక్క మొదలు తవ్వుతుంటే నల్లగా, వానపామంత సన్నటిది మెలికలు తిరుగుతూ బయటపడింది. ప్లాస్టిక్ డబ్బా మూతలోకి ఎక్కించి భూతద్దంతో చూశాను. కన్ను ఉండాల్సిన చోట పొలుసు కింద ఒక నల్లచుక్క, అంతే. రెప్ప లేదు. తోక మరీ పొట్టి, చివర చిన్న ముల్లు. గుడ్డిపాము అని తేలిపోయింది, అదే తడిమట్టిలో వదిలేశాను. ఒక్క నిమిషం నా గుండె గట్టిగానే కొట్టుకుందని మాత్రం చెప్పాలి.

ఈ గుడ్డిపాముకూ విశాఖకూ పాత చుట్టరికం ఉంది. విశాఖలో ఉండి పాముల్ని అధ్యయనం చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన పాముల పుస్తకంలో దీని బొమ్మ పక్కన మనవాళ్లు చెప్పిన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు: "రోండూ తాలూలూ పామ్". రెండు తలల పామే! ఆ బొమ్మ ఆధారంగానే 1803లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది.

కాబట్టి చూడాల్సిన వరుస ఇది. ముందు కన్ను. నలికిరికి రెప్ప ఉంటుంది, పాముకు ఉండదు. మట్టిలో ఉండేవాటి కన్ను మరీ చిన్నది, భూతద్దం లేకుండా తేల్చుకోలేం. తర్వాత మలద్వారం ఎక్కడుందో చూసి, అక్కడినుంచి తోక ఎంత పొడవుందో అంచనా వేయండి. గుడ్డిపాముకు తోక ఉందా లేదా అన్నట్టుంటుంది, నలికిరి తోక స్పష్టంగా పొడవు. పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వస్తుంది, అందుకే తాకొద్దు. అడవిశాఖ అనుమతి లేకుండా పట్టుకోవడం తప్పు కూడా. పైగా అది కట్లపాము పిల్ల అయితే ప్రాణం మీదికి వస్తుంది. దూరంగా ఉండి ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి చూస్తే చాలు.

మూడోది, ఒంటి మధ్యలో చుట్టూ ఎన్ని వరుసల పొలుసులున్నాయన్న లెక్క. మా పెరటి గుడ్డిపాము జాతికి 20 వరుసలు. యూట్రోపిస్ కారినాటాకు మామూలుగా 30 నుంచి 34. పుస్తకాల్లో జాతుల్ని విడదీసేది ఎక్కువగా ఈ అంకెలే. బతికున్నదాని మీద ఇది కుదరదు, మ్యూజియం నమూనా మీదే చేస్తారు. మనం నేర్చుకోవడానికి మార్కెట్లో పొలుసు తీయని శీలావతి చేప తెచ్చుకోండి. బార్కుడియా పొలుసుల్లాగే దీనివీ గుండ్రంగా, నున్నగా, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పక్కన తల నుంచి తోక దాకా వెళ్లే గీత మీది పొలుసుల్ని గుండుసూదితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టండి. 40కీ 44కీ మధ్య రావాలి. రాకపోతే ఎక్కడో ఒకటి దాటేశారు, లేదా పక్క వరుసలోకి జారిపోయారు. మూడుసార్లు చేసి మూడుసార్లూ ఒకే అంకె వచ్చేదాకా వదలొద్దు. అది పట్టుబడ్డాక చేప నడుము చుట్టూ లెక్కపెట్టి చూడండి.

ఇక వర్గీకరణ. నలికిరులన్నీ ఉండే కుటుంబం సింసిడే. అందులో బార్కుడియా అనే చిన్న ప్రజాతి, రెండే జాతులు. రెండోది ఒడిశాలో చిల్కా సరస్సులోని బార్కుడా దీవిలో దొరికింది, ప్రజాతికి పేరు ఆ దీవి నుంచే వచ్చింది. పేర్లు పూర్తిగా (చివర వర్ణించినవాడి పేరు, ఏడాదితో) రాసినప్పుడు తేడా గమనించండి:

బార్కుడియా ఇన్సులారిస్ అన్నండేల్, 1917
బార్కుడియా మెలనోస్టిక్టా (ష్నైడర్, 1801)

రెండోదానికి బ్రాకెట్లు ఎందుకు? 1801లో ష్నైడర్ దాన్ని వర్ణించేనాటికి బార్కుడియా ప్రజాతే లేదు. వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాతివాళ్లు ఇటు మార్చారు. బ్రాకెట్లు చెప్పేది అదే. మెలనోస్టిక్టా అన్న పేరుకు అర్థం "నల్లచుక్కలది" అని, ఒంటి మీద చుక్కలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

వచ్చే పాఠంలోపు ఒక పని. యూట్రోపిస్ కారినాటా, సెప్సోఫిస్ పంక్టాటస్ (ఇదీ ఒక నలికిరే) పేర్లు వర్ణించినవాళ్లతో సహా పూర్తిగా రాసుకోండి. మొదటిది ష్నైడర్, 1801. రెండోది బెడోమ్, 1870, ప్రజాతినీ జాతినీ తూర్పు కనుమల నుంచి ఆయనే ఒకేసారి వర్ణించాడు. దేనికి బ్రాకెట్లు పెట్టాలో మీరే తేల్చండి.